మద్రాసు నుంచి హైదరాబాదుకు, డకోటా మీదుగా

టి. నగర్ పానగల్ పార్కు నుంచి మీనంబాకం విమానాశ్రయానికి రోడ్డు మీద పది పన్నెండు కిలోమీటర్లు. అక్కణ్ణుంచి హైదరాబాదు శంషాబాదు విమానాశ్రయానికి ఆకాశంలో గీత గీసి కొలిస్తే సుమారు 510. మొదటి ముక్కకి ఎంతసేపు పడుతుందో గిండీ ట్రాఫిక్కే చెప్పాలి. రెండోదాని లెక్క మాత్రం విమానాలు మారినకొద్దీ మారుతూ వచ్చింది.

1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి పుస్ మాత్ విమానంలో తపాలా సంచులు బొంబాయికి తెచ్చారు. అక్కణ్ణుంచి పైలట్ నెవిల్ వింట్సెంట్ వాటిని తీసుకుని రాత్రికి బళ్లారిలో ఆగి, మర్నాడు మద్రాసు చేరారు. గంటకు 160 కిలోమీటర్లు పోయే ఆ ఒంటి ఇంజను బండికి మద్రాసు–హైదరాబాదు దూరమైతే మూడు గంటల పైమాటే, అదీ ఎదురుగాలి లేకపోతే.

అసలు మార్పు డకోటాతో వచ్చింది. 1935 డిసెంబరు 17న మొదటిసారి ఎగిరిన ఈ డగ్లస్ డిసి-3ని రెండో ప్రపంచ యుద్ధం కోసం పదివేలకు పైగా తయారుచేశారు. యుద్ధం ముగియగానే మిగిలిపోయినవి చవగ్గా దొరికాయి. 1945లో నిజాం రాష్ట్ర రైల్వే, టాటాలు కలిసి పెట్టిన దక్కన్ ఎయిర్‌వేస్ వాటితోనే నడిచింది.

తోక కింద చిన్న చక్రం కాబట్టి నేల మీద డకోటా ముక్కు పైకెత్తి నిలబడేది. ప్రయాణికులు మెట్ట ఎక్కినట్టు ముందు సీట్లకు నడిచేవాళ్లు. లోపల గాలి ఒత్తిడిని నిలిపే ఏర్పాటు లేదు, అందుకని పదివేల అడుగుల లోపే ఎగరాలి. మిట్టమధ్యాహ్నం రాయలసీమ బండలు కాగి వేడిగాలి పైకి లేచేది సరిగ్గా ఆ ఎత్తుల్లోనే. కడుపులో తిప్పితే సీటు దగ్గర కాగితం సంచి ఉండేది. వేగం గంటకు 270 కిలోమీటర్లు, హైదరాబాదుకు ప్రయాణం రెండు గంటలు. 1949 జనవరి 30 నుంచి ఈ డకోటాలే రాత్రి తపాలా మోశాయి: ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి బయల్దేరి, అర్ధరాత్రి నాగపూరులో కలిసి, సంచులు మార్చుకుని తెల్లారేసరికి తిరిగొచ్చేవి.

1953లో దేశీయ విమాన కంపెనీలన్నీ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిశాయి. 1957లో వైకౌంట్ వచ్చింది. నాలుగు టర్బోప్రాప్ ఇంజన్లు, ఒత్తిడి నిలిపే క్యాబిను, గంటకు 500 కిలోమీటర్లు. మబ్బుల పైనుంచి పోతుంటే కుదుపు తగ్గింది. బల్ల మీద నాణేన్ని అంచు మీద నిలబెట్టి చూపించడం ఆ రోజుల్లో దాని ప్రచారం. టి. నగర్ బజుల్లా రోడ్డులో సినిమా నటుడు ఎన్.టి. రామారావు ఇల్లున్న కాలమది. టి. నగర్ సినిమావాళ్లకు హైదరాబాదు గంటా పావు దూరమైంది.

తమాషా ఏమిటంటే, ఆ తర్వాత పెద్దగా తగ్గలేదు. ఇవాళ్టి ఎయిర్‌బస్ ఎ320 గంటకు 830 కిలోమీటర్ల దాకా పోగలదు. కానీ ముప్ఫై నాలుగు వేల అడుగులకు ఎక్కేసరికి సుమారు 180 కిలోమీటర్లు అయిపోతాయి, దిగడం అంతే దూరం ముందు మొదలుపెట్టాలి. పూర్తి వేగంతో పోయేందుకు మిగిలేది నూటయాభై. గాల్లో గంట లోపే అయినా టైంటేబుల్లో గంటా పావు వేస్తారు. చక్రాల కింద దిమ్మలు తీసినప్పట్నుంచి మళ్లీ దిమ్మలు పెట్టేదాకా లెక్క అది. రన్‌వే దగ్గర వరస, టాక్సీ దారి, పైన కొట్టే చక్కర్లు అందులోనే. ఆలస్యం పేరు రాకుండా కంపెనీలు మరికొన్ని నిమిషాలు కలుపుతాయి. అందుకే ఒక్కోసారి శంషాబాదులో చక్రాలు ఆనగానే, ముందే వచ్చేశామని గర్వంగా ప్రకటిస్తారు.