ఎఱుకల భాష — విద్యార్థి గౌరవము

మదనపల్లె, పుంగనూరు, కుప్పముల సీమలో తెలుగు, తమిళ, కన్నడములు కలిసి వినవచ్చును. ఈ సీమలోని ఎఱుకలవారికి మఱియొక యింటిభాష కలదు. దానిని కుర్రుభాష యందురు. అది తమిళమునకు సన్నిహితమైన ద్రావిడభాష.

ఆంగ్లప్రభుత్వము 1871లో నేరస్థజాతుల చట్టమును చేసెను. 1911 చట్టముచే అది మద్రాసు రాజధానికిని వర్తించెను. ఎఱుకలవారు పెక్కురు పుట్టుకచేతనే నేరస్థులుగా పట్టికల కెక్కిరి; వేలిముద్రలు, పోలీసు హాజరులు వారికి తప్పలేదు. 1952లో చట్టము రద్దయ్యెను. కాని చట్టముతోపాటు అనుమానము రద్దు కాదు. ఇతరులకు తెలియని భాష దొంగభాషయే యను తలంపు అట్టి అనుమానమునకు ఒక రూపము.

కావున విశ్వవిద్యాలయములలో సామాజికన్యాయమును గూర్చిన కార్యశాలలు రాజ్యాంగపు 15, 17 అధికరణముల వివరణతో ముగియరాదు. కుర్రుభాషలోని బంధువాచకములను, సంఖ్యావాచకములను తెలుగు, తమిళ పదములతో పోల్చి చూపినచో, దానికిని ఇతర భాషలవలెనే వ్యాకరణము, చరిత్ర కలవని విద్యార్థులు గ్రహింతురు. 1997లో కుప్పమున ద్రావిడ విశ్వవిద్యాలయము వెలసిన ఈ సీమకు ఇట్టి పాఠము మిక్కిలి తగినది.

ఒక్క నియమము ముఖ్యము. సభలోని ఎఱుకల విద్యార్థిని లేపి, “నీ భాష పలుకు” మనరాదు. తన కులమును చెప్పుటయు, చెప్పకుండుటయు అతని యిచ్ఛ. ఆ యిచ్ఛను మన్నింపని కార్యశాల పాతపట్టికనే మరల తెఱచును.