హార్స్‌లీ కొండకు దక్షిణాన మంచుకొండ

పటం తెరిచి చూడండి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం దాదాపు ఒకే నిలువు గీత మీద ఉంటాయి. మూడింటి రేఖాంశమూ 78 డిగ్రీలు దాటి కాస్త తూర్పుకు. ఆ గీత పట్టుకుని దక్షిణానికి దిగితే తమిళనాడు తీరం తర్వాత శ్రీలంక ఎడమచేతి వైపు ఉండిపోతుంది. ఇక అంటార్కిటికా ఒడ్డు తగిలేదాకా నీళ్లే. ఆ ఒడ్డున, గీతకు కాస్త పడమరగా, లార్స్‌మన్ కొండల్లో మన దేశపు ‘భారతి’ పరిశోధన కేంద్రం 2012 నుంచి పనిచేస్తోంది.

ఆ దారిలో, గీతకు ఐదు డిగ్రీలు పడమరగా, మదనపల్లెకు దాదాపు 7,400 కిలోమీటర్ల దూరంలో హర్డ్ దీవి ఉంది. విస్తీర్ణం 368 చదరపు కిలోమీటర్లు. దీవిలో చాలాభాగం బిగ్ బెన్ అనే ఒకే ఒక్క అగ్నిపర్వతం. దాని కొస మాసన్ శిఖరం, ఎత్తు 2,745 మీటర్లు. మదనపల్లె దగ్గరి మన హార్స్‌లీ కొండ 1,265 మీటర్లే. అంటే మన కొండ మీద మన కొండనే నిలబెట్టినా ఆ శిఖరాన్ని అందుకోదు.

మదనపల్లె నుంచి హార్స్‌లీ కొండెక్కితే చల్లగా ఉండడానికి కారణం ఎత్తు. కిలోమీటరు పైకి పోతే సుమారు ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుంది. ఊరికీ కొండకొనకూ మధ్య ఎత్తు తేడా ఐదారువందల మీటర్లు, కాబట్టి మూడు నాలుగు డిగ్రీల చల్లదనం. ఎండాకాలంలో సీమ జనం ఘాట్ రోడ్డెక్కేది ఆ మూడు నాలుగు డిగ్రీల కోసమే.

హర్డ్ దీవి లెక్క వేరు. అక్కడ మంచు శిఖరం మీదే ఆగదు, హిమానీనదాలై సముద్రపు ఒడ్డుదాకా జారుతుంది. దీవి ఉన్నది 53 డిగ్రీల దక్షిణ అక్షాంశం మీద. భూమధ్యరేఖకు ఉత్తరాన లండన్ కూడా ఇంచుమించు అంతే దూరం, కానీ లండన్‌లో హిమానీనదాలు ఉండవు. ఒకే అక్షాంశానికి ఇంత తేడా ఎందుకంటే సముద్రం వల్ల. లండన్ వైపు అట్లాంటిక్ వెచ్చని నీటిని మోసుకెళ్తుంది. హర్డ్ దీవి అంటార్కిటికా చల్లని నీళ్లు ఉత్తరపు నీళ్లను కలిసే సరిహద్దుకు అవతల, చలి పక్షాన ఉంది. పైగా పడమటి గాలులు ఆగకుండా తేమను తెచ్చి కొండకు కొడతాయి. అందుకే శిఖరం చాలా రోజులు మబ్బు చాటునే ఉంటుంది. అక్షాంశం చూసి వాతావరణం చెప్పేయమనే మన బడి పాఠానికి ఈ దీవి గట్టి జవాబు.

మంచు కింద నిప్పు ఉంది. 2016లో ఆస్ట్రేలియా పరిశోధన నౌక మీది శాస్త్రవేత్తలు మంచు మీదుగా లావా పారడం కళ్లారా చూశారు. బిగ్ బెన్ వయసు పది లక్షల ఏళ్ల లోపే అంటారు. మన బండలు దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటివి. కుప్పం క్వారీల్లో కోసి పాలిష్ పట్టే రాయి పుట్టేనాటికి ఆ దీవీ లేదు, అది తేలిన సముద్రమూ లేదు. భారతదేశం, అంటార్కిటికా ఒకే నేలగా ఉండి విడిపోయాక మధ్యలో తెరుచుకున్నదే ఈ సముద్రం.

మనుషుల చరిత్ర చిన్నది, బాధాకరమైనది. 1853లో జాన్ హర్డ్ అనే నౌకాధిపతి దీవిని చూశాడు. 1855 నుంచి వేటగాళ్లు దిగి నూనె కోసం ఏనుగు సీళ్లను దాదాపు తుడిచిపెట్టారు. 1947లో అది ఆస్ట్రేలియా చేతికొచ్చింది. అప్పుడు తెరిచిన శాస్త్ర కేంద్రం 1955లో మూతపడింది. శిఖరాన్ని మనిషి మొదట ఎక్కింది 1965లో. నేడు అక్కడ ఎవరూ నివసించరు. 1997 నుంచి అది ప్రపంచ వారసత్వ స్థలం.

అక్కడ ఎలుక లేదు, పిల్లి లేదు, బయటి నుంచి తెచ్చిన వెన్నెముక గల జంతువే లేదు. అనుమతి లేనిదే ఎవరూ దిగకూడదు. దిగేవాళ్లు బూట్లు, సంచులు దులిపి, ఒక్క గింజ అంటి ఉన్నా తీసేయాలి. హార్స్‌లీ కొండ కథ దీనికి తలకిందులు. ఏనుగు మల్లమ్మ కొండ అని స్థానికులు పిలుచుకునే చోట కడప కలెక్టర్ హార్స్‌లీ ఇల్లు కట్టుకున్నాడు. అక్కడి నీలగిరి చెట్లు కూడా ఆస్ట్రేలియా జాతివే, తెచ్చి నాటినవే. అవి ఇప్పుడు కొండకు అందం అయ్యాయి, కాదనను. కానీ బయటిది ఏది తెచ్చినా కొండ మారుతుంది.

ఎవరూ నివసించకపోయినా మాసన్ శిఖరం కింది మంచు కరుగుతోంది. 1947లో 289 చదరపు కిలోమీటర్లున్న హిమానీనదాలు 2019 నాటికి సుమారు 226కు తగ్గాయి. వెనక్కి జరిగిన మంచు వదిలిన పల్లంలో మడుగులు ఏర్పడుతున్నాయి. ఆ దీవిలో పొయ్యి వెలిగించేవాళ్లు లేరు, బండి నడిపేవాళ్లు లేరు. వేడి మన అందరి ఊళ్ల నుంచీ వెళ్లింది.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం బడుల్లో భూగోళం చెప్పే పంతుళ్లకు ఒక విన్నపం. పటాన్ని కన్యాకుమారి దగ్గర ఆపకండి. ఇంకా కిందికి దించి ఈ దీవిని పిల్లలకు చూపించండి. వారాంతంలో హార్స్‌లీ కొండకు వెళ్లే మిగతా అందరికీ మరొకటి. తీసుకెళ్లిన ప్లాస్టిక్ సీసాలు, కవర్లు కొండ మీద వదలకుండా తిరిగి మీ బండిలోనే కిందికి తెచ్చేయండి.