హార్బర్ గదిలో చోడిఅంబలి

2018 జనవరిలో శ్రీకాకుళం జిల్లా పల్లె విడిచి ఒంటరిగా విశాఖపట్నం చేరాను. ఫిషింగ్ హార్బర్ చెంత ఒక ఐసు ఫ్యాక్టరీలో లెక్కలు వ్రాసే పని. గది అద్దె, ఇంటికి పంపే సొమ్ము పోగా మిగిలేది స్వల్పం. అందుచేత ఉదయం టీ, మధ్యాహ్నం బజ్జీలు, రాత్రి పస్తు. ఇదే నా పొదుపు! నెల తిరగకుండానే గుండెల్లో మంట, పుల్లని త్రేన్పులు. మూడు రోజులు పనికి పోలేక జీతం కోత పడింది.

చేపలు ఎండబెట్టే ఒక అవ్వ నా అవస్థ చూచి, "ఇంటికాడ ఏటి తాగీవోడివి బాబూ?" అని అడిగింది. చోడిఅంబలి అన్నాను. "మరదెందుకు మానీసినావు?"

పట్నంలో అంబలి త్రాగడానికి సిగ్గుపడ్డానని చెప్పలేకపోయాను.

శరీరానికి అలవడి హితమైన దానిని ఆయుర్వేదం సాత్మ్యం అంటుంది. అలవాట్లను ఒక్కసారిగా కాక, పాదం చొప్పున క్రమంగా మార్చుకోవాలని చరకసంహిత సూత్రస్థానం బోధిస్తుంది. నేను ఒక్కరోజులోనే అన్నీ మార్చివేశాను.

ఆమ్లపిత్తంలో పులుపు పనికిరాదు. కనుక చోడిపిండిని పులియబెట్టక, అప్పటికప్పుడు నూకలతో కాచి త్రాగాను. ధనియాలు నలగగొట్టి, ఆరు రెట్లు నీటిలో రాత్రంతా నానబెట్టి, ఉదయం వడగట్టి పటికబెల్లంతో పుచ్చుకొన్నాను. రాత్రి పస్తు మాని, చౌకగా దొరికే కవళ్ళ పులుసు కారం తగ్గించి వండుకొన్నాను, చింతపండు నామమాత్రం. చేపలతో పాలు విరుద్ధాహారమని చరకుడే చెప్పాడు, ఆ రెండూ కలపలేదు. మూడు వారాలకు మంట శమించింది.

మలం నల్లబడినా, వాంతిలో రక్తం కనిపించినా చిట్కాలతో కాలయాపన చేయరాదు, వెంటనే కె.జి.హెచ్. వంటి పెద్దాసుపత్రికి వెళ్ళాలి.

ఏప్రిల్ 15 నుండి 61 రోజులు మరపడవల వేట నిలిచింది. జీతం సగమైంది. చోడిపిండి డబ్బా మాత్రం ఖాళీ కానివ్వలేదు.