లాగితే ఊరు కనిపించే పుస్తకం

కదిలే బొమ్మల పుస్తకం అనగానే పిల్లల ఆటవస్తువేగా అనుకుంటాం. కానీ మొదట్లో ఇవి పెద్దవాళ్లకే, అందులోనూ పండితులకే! 1540లో జర్మనీలో పీటర్ అపియాన్ అచ్చువేసిన ఖగోళ గ్రంథంలో గ్రహాల స్థానం తెలియాలంటే కాగితపు చక్రాలు తిప్పాలి. 1570లో లండన్‌లో వచ్చిన యూక్లిడ్ రేఖాగణితంలో కాగితం ముక్కలు పైకి మడిస్తే పిరమిడ్లు లేచి నిలబడతాయి. ఆ తర్వాత ఎప్పటికోగానీ ఇవి పిల్లల చేతికి రాలేదు. మ్యూనిక్ నగరంలో లోథార్ మెగ్గెన్‌డార్ఫర్ (1847-1925) అనే చిత్రకారుడైతే ఒక్క పట్టీ లాగితే బొమ్మ కాలూ చెయ్యీ తలా అన్నీ ఒకేసారి కదిలేట్టు చేశాడు. రహస్యమల్లా పేజీ వెనక దాచిన చిన్న చిన్న రాగి తీగ చుట్టలే.

మనకి మాత్రం ఇది అంత కొత్తా? కూనపులివాళ్లు పద్మశాలీల వాడకొచ్చి మార్కండేయ పురాణం చెబుతూ చేర్యాల పటం విప్పేవారు. కథ ఎంతవరకొస్తే బొమ్మ అంతవరకే కనిపించేది. కదిలే పుస్తకానికి అక్క వరసన్నమాట!

నేను చేసింది మా అమ్మ కోసం. మా వేములవాడ పక్కనే మధ్యమానేరు జలాశయం ఉంది. దాని కింద అనుపురం, రుద్రవరం, కొదురుపాకలాంటి ఊళ్లు మునిగాయి. 2019లో కాళేశ్వరం నీళ్లు కూడా వచ్చి చేరాయి. అమ్మ కాపురం చేసిన ఊరూ అందులో ఒకటి. ఇప్పుడుంటున్నది పునరావాస కాలనీలో. పాత ఫొటోలన్నీ ముందేసుకుని చూస్తే అన్నిట్లో మనుషులే ఉన్నారు, వీధి లేదు! పెళ్లిళ్లకి తప్ప ఫొటోలు దిగిందెప్పుడు గనక?

అందుకే అమ్మని పక్కన కూచోబెట్టుకుని గీశాను. నీళ్లు ఎలా చూపించాలని అడిగితే, "పైకెల్లి రాలే బిడ్డా. ఏరు దిక్కుకెల్లి మెల్లగ వచ్చినయ్. ముందుగాల బాయి మునిగింది" అంది. ఆ మాటతోనే పేజీ ఎలా చెయ్యాలో తేలిపోయింది.

నీళ్లకి ట్రేసింగ్ పేపరు వాడి, పలచగా నీలం రంగు వేశాను. వెనకున్న ఇళ్లు మసగ్గా కనపడాలి కదా. పేజీ అడుగున జేబులాంటిది అతికించి ఆ కాగితం అందులో దాచాను. కుడి మూలని రాగి తీగతో బిగించి, ఎడమ మూలకి పట్టీ అంటించి పేజీ పైఅంచు దాకా తెచ్చాను. పట్టీ లాగితే ఎడమవైపు నీళ్లు ఏటవాలుగా లేస్తాయి. ముందు బావి, తర్వాత చింతచెట్టు, చివరికి మా అరుగు. కిందికి తోస్తే మళ్లీ ఊరంతా పైకొస్తుంది. రాగి తీగ మోటారు వైండింగ్ షాపులో అడిగితే చిటికెడు ఊరికే ఇచ్చారు.

ఇంకో పేజీలో రాజన్న గుడి. గుడి చుట్టూ అర్ధచంద్రాకారంలో కిటికీ కోసి, వెనక అట్ట చక్రం పెట్టాను. చక్రం తిప్పితే మొక్కు కోడె ఒకవైపు కనిపించి, గుడి ముందునుంచి నడిచి, రెండోవైపు మాయమవుతుంది. ప్రదక్షిణ చేస్తున్నట్టే!

మీరూ చేస్తానంటే అట్టకి పెళ్లిపత్రికలు చాలు. రంగులు వెయ్యకముందే పాత క్యాలెండరు కాగితంతో నమూనా చేసుకోండి. పట్టీకన్నా దాని చీలిక రెండు మిల్లీమీటర్లు వెడల్పుండాలి, లేకపోతే ఇరుక్కుంటుంది. పట్టీ ఊడి చేతికి రాకుండా లోపలి కొసకి అడ్డంగా ఓ ముక్క అంటించండి. మడతల దగ్గర కాగితం చిరుగుతుంది కాబట్టి నూలుగుడ్డ అతకడమే మేలు. చేర్యాలవాళ్లు గుడ్డకి పూసే చింతగింజల బంక వాడదామనుకున్నాగానీ, గింజలు నానబెట్టి రుబ్బి ఉడికించే ఓపిక ఎక్కడిది? ఫెవికాలే దిక్కయింది. ఇంట్లో కత్తెర ఎప్పుడూ కనపడదని మావారి సణుగుడు మామూలే.

పుస్తకం చేతికివ్వగానే అమ్మ పట్టీ ఒకసారి పైకి లాగింది. నీళ్లు అరుగుదాకా రానిచ్చి, కిందికి తోసేసింది. తర్వాత మళ్లీ ముట్టుకోలేదు. ఇంటికొచ్చినవాళ్లెవరైనా లాగబోతే "ఉండనీయ్" అంటుంది. ఊరున్న పేజీ తెరిచిపెట్టి, ఏ ఇల్లు ఎవరిదో వేలు పెట్టి చెబుతుంది.

కాలనీలో పక్కింటి పెద్దమ్మ తన ఊరి పుస్తకం ఎప్పుడు చేస్తావని అడుగుతోంది. వాళ్ల గడప ఎటు వైపుకుండేదో ఆదివారం వెళ్లి గీసుకురావాలి.