కరోనా తగ్గింది సరే... షుగర్ చూపించారా?

2020, 2021లో కరోనాతో కడప రిమ్స్ లాంటి ఆస్పత్రుల్లో చేరి బయటపడ్డవాళ్లు బద్వేలు వైపు మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఉండే ఉంటారు. అప్పుడు అందరి దిగులూ ఊపిరితిత్తుల గురించే. పొట్ట వెనకాల దాగి ఉండే క్లోమాన్ని ఎవరు పట్టించుకున్నారు?

ఆరంగుళాల పొడవుండే ఈ గ్రంథి అన్నం అరగడానికి రసాలు తయారు చేస్తుంది, రక్తంలో చక్కెరను అదుపు చేసే ఇన్సులిన్ ఇస్తుంది. కరోనా క్రిమి దీని కణాల్లోకీ దూరగలదు. ఆస్పత్రిలో చేరిన కొందరికి రక్తంలో అమైలేజ్, లైపేజ్ పెరిగాయి. అంతమాత్రాన క్లోమం వాచినట్టు కాదు. నిజంగా వాచింది బహు కొద్దిమందికే.

షుగర్ మాత్రం చాలామందికి పెరిగింది. జబ్బు తీవ్రత ఒక కారణమైతే, ప్రాణం నిలబెట్టిన స్టెరాయిడ్ మందు ఇంకో కారణం. కొందరికి ఇంటికొచ్చాక తగ్గిపోయింది, కొందరికి అలాగే ఉండిపోయింది.

అందుకే అలాంటివారికి ఏడాదికోసారి పరగడుపున రక్తపరీక్ష చేయించండి. 126 గానీ, అంతకు మించి గానీ ఉంటే డాక్టరుకు చూపించండి. రాగిసంగటి మంచిదే కదా అని ముద్ద మీద ముద్ద వడ్డించకండి. సంగటి తగ్గించి ఆకుకూర పప్పు పెంచండి. పైపొట్టలో మొదలై వీపులోకి పొడిచే నొప్పి, వాంతులు ఉంటే మాత్రం ‘గ్యాస్ట్రబులేలే’ అని వాము నీళ్లతో సరిపెట్టక, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.