ఖతరు దేశమున క్రైస్తవ విద్యార్థి

కాయకష్టము చేసి బిడ్డను కళాశాలకు పంపు తలిదండ్రుల మనస్సున రెండు భయములుండును. బిడ్డకు చదువు వంటబట్టునో లేదో అనునది మొదటిది. చదువు వచ్చిన పిదప భక్తి నిలుచునో లేదో అనునది రెండవది. బిడ్డ చదువుచున్నది పరదేశమైనచో ఈ రెండవ భయము మరింత పెద్దదగును. గోదావరి జిల్లాలనుండియు, కడప, కరీంనగరు, నిజామాబాదు సీమలనుండియు మనవారనేకులు గల్ఫు దేశములకు పనికి పోవుట మనమెరిగినదే. అచ్చట కుటుంబములతో కాపురముండువారి బిడ్డలలో కొందరు ఆ దేశపు కళాశాలలలోనే చేరుచున్నారు. అట్టి దేశములలో ఒకటైన ఖతరులో క్రైస్తవ విద్యార్థి తన విశ్వాసమును ఎట్లు కాపాడుకొనవలెనో ఆలోచింతము.

ఖతరు పారసీక సింధుశాఖలోనికి చొచ్చుకొనియున్న చిన్న ద్వీపకల్పము. దోహా దాని ముఖ్యపట్టణము. 1995లో స్థాపింపబడిన ఖతర్ ఫౌండేషన్ అను సంస్థ అచ్చట ఎడ్యుకేషన్ సిటీ అను విద్యానగరమును నిర్మించి విదేశ విశ్వవిద్యాలయములను రప్పించినది. 1998లో వర్జీనియా కామన్వెల్త్, 2004లో కార్నెగీ మెలన్, 2005లో జార్జిటౌన్ విశ్వవిద్యాలయములు తమ శాఖలను తెరచినవి. 2021లో మన పూణే నగరపు సావిత్రీబాయి ఫూలే విశ్వవిద్యాలయమునకు చెందిన కళాశాలయు దోహాలో ఆరంభమైనది. ఇట్టి తరగతులలో పలుదేశములవారు, పలుమతములవారు ఒక్క బల్లపై కూర్చుండి చదువుదురు.

మన బిడ్డకు ఎదురగు మొదటి చిక్కు ఆరాధన దినమును గూర్చినది. అచ్చట శుక్ర శనివారములు సెలవులు, ఆదివారము పనిదినము. ఆదివారము ఉదయమున తరగతి యుండును, పరీక్షయు ఉండవచ్చును. అందుచేత సంఘములు ముఖ్యముగా శుక్రవారమున కూడుకొనుచున్నవి. దోహాకు దక్షిణముగా మెసైమీర్ అను చోట క్రైస్తవ సంఘములకై ప్రభుత్వము ఒక ఆవరణమును కేటాయించినది. అప్పటి అమీరు షేక్ హమద్ బిన్ ఖలీఫా అల్ థానీ ఇచ్చిన ఆ నేలమీద కథోలికుల జపమాల మాత దేవాలయము 2008 మార్చి నెలలో ప్రతిష్ఠింపబడినది. తక్కిన సంఘములవారికిని, భారతదేశపు సంఘములవారికిని అచ్చటనే చోటు కలదు. దేవాలయము వెలుపల సిలువ కానరాదు, గంట మ్రోగదు. ముస్లిముల మధ్య అన్యమతమును ప్రచారము చేయుట ఆ దేశపు చట్టము చొప్పున నేరము.

ఇట్టిచోట యౌవనస్థుని మనస్సు రెండు వైపుల లాగబడును. నోరు మూసికొని యుండుట ప్రభువును ఎరుగననుట కాదా యని ఒక తలంపు కలుగును. ఎవరికిని తెలియకుండ నలుగురిలో కలిసిపోయిన సుఖముగా నుందును గదా యని మరియొక తలంపు కలుగును. మొదటి తలంపు ఆవేశమునకును, రెండవది మరపునకును దారి తీయును.

బబులోను కళాశాలలో చదివిన దానియేలును జ్ఞాపకము చేసికొనుడు. రాజాజ్ఞ చొప్పున అతడును అతని ముగ్గురు స్నేహితులును 3 సంవత్సరములు కల్దీయుల భాషయు విద్యయు నేర్వవలసినవారు. వారు ఆ చదువును త్రోసివేయలేదు. తమకు పెట్టిన క్రొత్త పేళ్లకును తగవులాడలేదు. తమ్మును అపవిత్రపరచు భోజనమును మాత్రము వలదనిరి. దానినైనను కేకలు వేసి కాదు. అధికారిని వేడుకొని, 10 దినములు పరీక్షించి చూడుమని వినయముగా కోరిరి. దేనికి ఒప్పుకొనవచ్చునో దేనికి ఒప్పుకొనరాదో వారు ముందుగానే తేల్చుకొనిరి. ఖతరులోని విద్యార్థికి వలసినది ఈ వివేకమే.

శుక్రవారమున ఆరాధించుటకు ఒప్పుకొనవచ్చును. ఆరాధనను మానుటకు ఒప్పుకొనరాదు. రంజాను మాసమున పగటివేళ బహిరంగ స్థలములలో తినుట త్రాగుట అచ్చట నిషిద్ధము. ఉపవాసముతోనున్న సహపాఠి యెదుట తినకుండుట చట్టమునకు మాత్రమే గాక ప్రేమకును చెందిన పని. సాయంకాలము ఆ స్నేహితుడు విందునకు పిలిచినచో మర్యాదతో పోవచ్చును. నీవెవరవని అడిగినవానితో క్రైస్తవుడనని నెమ్మదిగా చెప్పవలెను. ముస్లిము సహపాఠులు దినమునకు ఐదు వేళలు ప్రార్థనకు లేచుట చూచుచు, తాను ఉదయమున ఒక్కసారియైనను మోకాళ్లూనని విద్యార్థి తన్ను తాను ప్రశ్నించుకొనవలెను.

చదువులోని నిజాయితీయు సాక్ష్యమే. ఒకని వ్రాతను నకలు చేయుట, డబ్బిచ్చి వ్యాసము వ్రాయించుకొనుట, నేటి యంత్రముల చేత వ్రాయించి తనదని ఒప్పగించుట, ఇవి అబద్ధములే. తక్కువ మార్కులు వచ్చినను అబద్ధమాడని విద్యార్థిని తోటివారు గుర్తింతురు. బోధించుటకు అనుమతి లేనిచోట నడతను చూచుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు.

మరియొక పరీక్ష కలదు. కళాశాల నేల తుడుచువారును, ద్వారమునొద్ద కావలియుండువారును, ఎండలో గోడలు కట్టువారును అనేకులు భారత, నేపాళ, బంగ్లాదేశములనుండి వచ్చినవారే. 2021 మార్చినుండి అచ్చట నెలకు 1000 రియాళ్ల కనీస వేతనము అమలులోనికి వచ్చినది. అదే సంవత్సరమున జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 వరకు ఉదయము 10 గంటలనుండి మధ్యాహ్నము 3:30 వరకు ఎండలో పని చేయింపరాదని కట్టడి చేసిరి. చట్టము తన పని తాను చేయవలెను. విద్యార్థికిని ఒక పని కలదు. తెలుగు మాట చెవినబడినపుడు, “అన్నా, మీది ఏ ఊరు?” అని ఆగి అడుగుట, జీతపు చీటీలోని అక్షరములు చదివి చెప్పుట, అర్జీ వ్రాసి పెట్టుట, ఇవి చదువుకొన్నవాడు చేయదగినవి. కూలివాని బిడ్డ చదువుకొని కూలివానిని చూడనట్లు పోయినచో, ఆ చదువుతోపాటు విశ్వాసమును చెడినదని ఎరుగవలెను.

ఖతరు నేల క్రైస్తవ విద్యకు క్రొత్తది కాదు. 7వ శతాబ్దమున ఆ ప్రాంతమును సిరియా భాషలో బేత్ ఖత్రాయే అనెడివారు. అచ్చట పుట్టిన ఇసాకు అను భక్తుడు నీనెవె పట్టణమునకు బిషప్పుగా నియమింపబడి, కొద్ది నెలలకే ఆ పదవిని విడిచి, ఏకాంతమునకు పోయి ధ్యానమునందును గ్రంథపఠనమునందును జీవితము గడపెను. మనుష్యులయెడలను, శత్రువులయెడలను, మృగపక్షులయెడలను సైతము కరుణగల హృదయమును గూర్చి అతడు వ్రాసెను. తూర్పు సంఘములు తరతరములుగా చదివిన ఆ భక్తుని పేరును 2024లో పోపు ఫ్రాన్సిస్ రోమను సంఘపు పరిశుద్ధుల పట్టికలో చేర్చిరి. కన్నులు పోవునంతగా చదివెనని చెప్పబడిన ఆ విద్యాసక్తుడు పదవికంటె కరుణను గొప్పదిగా ఎంచెను.

కావున తలిదండ్రులారా, దూరదేశమున చదువు బిడ్డతో మాటలాడునపుడు మార్కులను గూర్చి తప్పక అడుగుడు. వెంటనే మరి రెండు మాటలు అడుగుడు: ఈ శుక్రవారము ఆరాధనకు పోతివా? ఈ వారము ఎవరికి సహాయము చేసితివి? పిమ్మట ఆ బిడ్డ పేరు పెట్టి ఇంటిల్లిపాదియు ప్రార్థింపుడు.