రామగుండంలో ర్యాముకు కరువు

రాముడి పేరు పెట్టుకున్న ఊరికి రాముడే కరువయ్యాడా అని నవ్వకండి. నేను చెప్పబోయేది కోదండరాముణ్ణి గురించి కాదు, కంప్యూటరు కడుపులో ఉండే ‘ర్యాము’ను గురించి.

మొన్న ఒక ఆదివారం సాయంత్రం మా పక్క వీధి అమ్మాయి పాత లాప్‌టాప్ ఒకటి గుండెకు హత్తుకుని మా గుమ్మంలో నిలబడింది. తండ్రి ఓపెన్‌కాస్టులో మట్టి తీసే కాంట్రాక్టరు దగ్గర కూలి. పిల్ల ఇంజనీరింగు మూడో యేడు చదువుతున్నది.

“తాతా, గిది తెరుచుకునేసరికి చాయ్ సల్లారిపోతున్నది. వచ్చే వారం ప్రాజెక్టు ఇయ్యాలె. బాపు పైసలిచ్చిండు. జర నాతోని దుకాణం దాక వస్తవా?” అన్నది.

ముప్పై యేళ్లు గని ఆఫీసులో లెక్కలు రాసి రిటైరైనవాణ్ణి గదా, బేరమాడడంలో గట్టివాణ్ణని ఆ పిల్ల నమ్మకం కాబోలు. కర్ర పుచ్చుకుని బయలుదేరాను.

లక్ష్మీనగర్‌లో ఒక రిపేరు దుకాణం. యజమాని పాతికేళ్ల కుర్రవాడు. లాప్‌టాప్ విప్పి చూసి, “ఇండ్ల 4 జీబీ ర్యామే ఉన్నది. ఇంకో 8 ఎయ్యాలె. కని కాకా, ధర మాత్రం అడుగకు” అన్నాడు. అడక్క తప్పుతుందా? చెప్పాడు. నిరుడు మూడు రోజుల కూలికి వచ్చిన వేలెడు పట్టీకి ఇప్పుడు వారం కూలి పోసినా చాలదట! అమ్మాయి ఏమీ అనలేదు. తీసిన డబ్బు మళ్లీ సంచిలో పెట్టి జిప్పు మూసుకున్నది.

“ఏమయ్యా, ఇంత అన్యాయమా?” అన్నాను.

“నేనేం జేద్దు కాకా? మీదికెల్లి మాలే వస్తలేదు!”

మీద అంటే ఎక్కడ? ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మనవడి సాయంతో రెండు రోజులు చదివి తెలుసుకున్నది మీకూ చెబుతాను.

గుమాస్తా భాషలో చెప్పాలంటే, కంప్యూటరుకు బీరువా ఒకటి, బల్ల ఒకటి ఉంటాయి. కాగితాలు దాచేది బీరువాలో. పరచుకుని పని చేసేది బల్లమీద. ర్యాము ఆ బల్ల. బల్ల ఇరుకైతే ప్రతి కాగితానికీ లేచి బీరువాకు నడవాలి. ఆ పిల్ల చాయ్ చల్లారుతున్నది అందుకే.

ఈ జ్ఞాపకపు చిప్‌కు 1968లో పేటెంటు పొందినవాడు ఐ.బి.ఎం. ఇంజనీరు రాబర్ట్ డెన్నార్డ్. ఒక్కొక్క గడిలో ఒక ట్రాన్సిస్టరు, రవ్వంత విద్యుత్తు నిలవచేసే ఒక కెపాసిటరు, అంతే. చిల్లికుండలో నీళ్లలాగా ఆ విద్యుత్తు కారిపోతూ ఉంటుంది గనుక సెకనుకు ఎన్నోసార్లు మళ్లీ నింపాలి. 1970లో ఇంటెల్ అమ్మిన చిప్‌లో జ్ఞాపకపు గడులు 1,024. ఈనాటి 8 జీబీ పట్టీలో 6,800 కోట్లకు పైచిలుకు!

ఇంత సూక్ష్మమైన పనివాళ్లు లోకంలో ఎందరనుకుంటున్నారు? కొరియాలో శామ్‌సంగ్, ఎస్.కె. హైనిక్స్, అమెరికాలో మైక్రాన్. సరుకులో సుమారు 90 శాతం ఈ ముగ్గురిదే.

ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది. దాని యంత్రాలకు మామూలు ర్యాము ఆనదు. చిప్‌లను మేడమీద మేడలాగా పేర్చిన ప్రత్యేకమైన మెమరీ కావాలి. అంతే జ్ఞాపకానికి మామూలు రకంకన్నా సుమారు 3 రెట్ల సిలికాన్ పళ్లెం ఖర్చవుతుంది. లాభమూ ఎక్కువే. 2025 అక్టోబరులో ఓపెన్ ఏఐ సంస్థ కొరియా కంపెనీలు రెండింటితో ఒడంబడిక పత్రాలు రాసుకున్నది. లక్ష్యం నెలకు 9 లక్షల పళ్లేలు. ఆ డిసెంబరులోనే మైక్రాన్ ‘క్రూషియల్’ పేరుతో మనవంటివాళ్లకు అమ్మే సరుకును 2026 ఫిబ్రవరి తరవాత పంపబోమని ప్రకటించింది.

ఇది మన బొగ్గుసీమకు కొత్త కథ కాదు. 2022 ఏప్రిల్‌లో విద్యుత్ కేంద్రాలకు బొగ్గు చాలనప్పుడు బొగ్గు గూడ్సులకు దారి ఇవ్వడానికి దేశంలో ఎన్నో ప్యాసింజరు రైళ్లు రద్దు చేశారు. పట్టాలు అవే, ఇంజన్లు అవే. ప్లాట్‌ఫారం మీద మూటతో నిలబడ్డవాడిదే ఆలస్యం. ఈ పిల్లకూ అదే జరిగింది.

కొత్త ఫ్యాక్టరీ కట్టరా అంటారేమో. కొత్త గని తెరవడానికి ఎన్నేళ్లు పడుతుందో మనకు తెలుసు. చిప్ ఫ్యాక్టరీ కూడా అంతే, ఏళ్ల పని. గుజరాత్‌లోని సాణంద్‌లో మైక్రాన్ కేంద్రం పెడుతున్నట్టు 2023లో ప్రకటించారు. కాని అది తయారైన పళ్లేలను చిప్‌లుగా కోసి, బిగించి, పరీక్షించే చోటే గాని పళ్లెం వండే చోటు కాదు.

మరో విచిత్రం చూడండి. 2022లో హైదరాబాదులో అమెజాన్ డేటా కేంద్రాలు తెరిచింది. విశాఖలో పెద్ద కేంద్రం పెడతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది. ఇటువంటివాటికి రాత్రింబగళ్లు కరెంటు కావాలి. రామగుండం ఎన్.టి.పి.సి. 2,600 మెగావాట్ల పొయ్యి మన బొగ్గుతో మండుతున్నది. ఏ బొగ్గు ఏ దీపం వెలిగించిందో గ్రిడ్‌లో ఎవరూ చెప్పలేరు. అయినా మట్టి తీసే చెయ్యి ఒకటైతే, దాని బిడ్డ బల్లే ఇరుకుగా మిగిలింది!

మూడోనాడు మళ్లీ దుకాణానికి వెళ్లాం. “దారి లేదా?” అంటే కుర్రవాడు నవ్వి, “ఉన్నది కాకా, గంజి తాగినట్టు కాలం ఎల్లదీసుడే” అన్నాడు.

అతని దగ్గర నేర్చుకున్నవి ఇవి. ముందు ర్యాము రకం చూడాలి. డీడీఆర్ 3, 4, 5 పట్టీల గాట్లు వేరువేరు చోట్ల ఉంటాయి. ఒకదాని ఇంట్లో మరొకటి దూరదు. పాత లాప్‌టాప్ మొరాయిస్తే కొత్త పట్టీకి పరుగెత్తక, ఉన్నదాన్ని ఊడదీసి అంచులను పెన్సిలు రబ్బరుతో మెల్లగా తుడిచి చూడాలి. పాత పట్టీ కొంటే ఒక రాత్రంతా మెమరీ పరీక్ష నడిపించాకే డబ్బివ్వాలి. లేబులు మార్చి అమ్మే ఘనులున్నారు. బరువైన ఆపరేటింగ్ సిస్టం తీసి తేలికపాటి లినక్స్ వేసుకుంటే చిన్న బల్లే పెద్దదవుతుంది. కొత్తది కొనేవాళ్లు ర్యాము బోర్డుకు అతికించి ఉన్నదా, మార్చుకునే వీలున్నదా అని అడగాలి.

అన్నిటికన్నా ముఖ్యం, భయపడి దాచిపెట్టుకోకూడదు. 1993 జులై 4న జపానులోని నీహామాలో సుమిటోమో కెమికల్ కర్మాగారం ప్రేలింది. చిప్‌లను మూసే నల్లబిళ్లకు కావలసిన రెజిన్ ప్రపంచంలో సగానికి పైగా అక్కడిదే. గోదాముల్లో సరుకు అయిపోకముందే, కొనేవాళ్లు ఎగబడినందువల్లే మెమరీ ధర ఎగిరి కూర్చున్నది!

మాట్లాడుతూనే కుర్రవాడు అటకమీదినుంచి బోర్డు కాలిపోయిన ఒక లాప్‌టాప్ దించాడు. యజమాని వద్దని వదిలివెళ్లినదట. అందులో సరిపోయే రకం 4 జీబీ పట్టీ క్షేమంగా ఉన్నది. రాత్రంతా పరీక్ష పెట్టాడు. తెల్లవారాక బిగిస్తే 4, 4 కలిసి 8. ఒక రోజు కూలికి తక్కువే తీసుకున్నాడు. నేను బేరమాడలేదు.

సాయంత్రం తండ్రి షిఫ్టు దిగి మా యింటికి వచ్చాడు. ఒంటిమీద దుమ్మైనా కడుక్కోలేదు.

“గింత పట్టీకి గంత పైసలెందుకు సారూ? అండ్ల బంగారమున్నదా?” అన్నాడు.

“ఉన్నదయ్యా, అంచులకు పూత మాత్రం” అన్నాను.

అతను నవ్వాడు. మిగిలిన డబ్బు పిల్ల పరీక్ష ఫీజుకు కట్టాడట. ప్రాజెక్టు గడువుకు ఒక రోజు ముందే ఇచ్చానని మొన్న ఆ అమ్మాయి వచ్చి చెప్పింది. వస్తూ నాకు చాయ్ కూడా తెచ్చింది. వేడిగానే ఉన్నది.